దర్జీ టేపుతో చేపల కొలత

కోడూరు,
3-2-1964

లెక్చరర్ జయకుమార్ గారికి దర్జీ సలాములు.

మీ వ్యాసం పడిన పత్రిక అందింది. తుపాను తర్వాత కవళ్ల చేపలు అరంగుళం పొట్టివవుతాయని కనిపెట్టారట. మీ కాలేజీ ప్రొఫెసర్ గారే ఒడ్డున నిలబడి కొలిచారని కూడా వేశారు. ఆయన ఈ ఊరి ఇసుక తొక్కిందే లేదు. టేపు ఉందని ఆ పని నాకు అప్పగించింది మీరే కదా.

తుపాను వెలిశాక వారం దాకా ఒక్క పడవా కదల్లేదు. మీరేమో ఏ రోజు లెక్కా ఖాళీగా ఉండకూడదన్నారు. అందుకని మా వదిన జమాల్‌బీ అటకమీది ఎండుచేపలు దించి కొలిచాను. ఎండితే చేప కురచవదా మరి? “ఏందబ్బాయ్, వీటికి చొక్కాలు కుడతావా?” అని ఆమె ఒకటే నవ్వు.

వచ్చే సంచికలో నా పేరు కూడా వేయిస్తామని రాశారు. నిన్నటిదాకా అదే నా కోరిక. ఇప్పుడు వద్దు సార్. కొలిచింది ప్రొఫెసర్ గారే కదా, రేపెవరైనా అడిగితే జవాబు కూడా ఆయన్నే చెప్పమనండి.