మూడుకూ ఐదుకూ మధ్య

మే 4, ఆదివారం

సాగర్ డ్యామ్ వెనక నీళ్లు. ఎండలకు నీరు లోపలికి జరిగిపోయింది. కారు దగ్గర నుంచి బోర్డు భుజాన వేసుకుని, పగుళ్లిచ్చిన బురద మీద చాలా దూరం నడక.

పుట్టిలో వల సర్దుకుంటున్న సైదులన్న ఇవాళ అడిగేశాడు. రెండు నెలలుగా చూస్తున్నాడు పాపం.

"మేడం, అది గొడుగా, పతంగా?"

రెండూ కాదన్నాను. పారావింగ్. పలుచని గుడ్డ, సన్నని తాళ్లు, తాళ్ల చివర చేత్తో పట్టుకునే పొట్టి కర్ర. గుడ్డ గాలిని పట్టి లాగుతుంది. బోర్డు కింద పొడుగాటి కాలు, దాని చివర రెక్క — అది ఫాయిల్. వేగం అందగానే రెక్క నీళ్లలోనే ఉండి బోర్డును పైకి లేపుతుంది.

"అంటే నీళ్లకు తాకకుంట పోతరా?"

"లేస్తే పోతా."

"లేవకుంటే?"

"పడతా."

చాలాసేపు నవ్వాడు.

ఉదయం గాలిమీటరులో గంటకు ఇరవై నాలుగు కిలోమీటర్లు. ఐదు చదరపు మీటర్ల వింగ్ తీశాను, లేచాను. పది కాకముందే ముప్పై ఎనిమిది. భుజాలు ఊడివస్తాయేమో అనిపించింది. ఒడ్డుకొచ్చి మూడు మీటర్లది తగిలించాను. గాలి విసురుగా ఉన్నంతసేపు హాయి. కాస్త తగ్గగానే బోర్డు వెళ్లి నీళ్లలో కూర్చుంటోంది.

మూడు చిన్నది. ఐదు పెద్దది. నా దగ్గర ఉన్నవి ఆ రెండే.

మే 6

సూర్యాపేట కాలేజీలో పద్నాలుగేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. గాలి వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలు — ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో. చేతులకు తెలిసింది మొన్ననే.

మే 9

ఒడ్డు మీద ముప్పై నాలుగు ఉందని మూడు మీటర్లది తీసుకుని వెళ్లాను. నడి నీళ్లలో గాలి ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగడం. గుడ్డ తడి లుంగీలా మీద పడింది. చుట్టి నడుము సంచిలో కుక్కి, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డేసుకుంటూ రెండు గంటలు.

ఒడ్డుకు వచ్చేసరికి సైదులన్న చాయ్ చల్లార్చుకుంటున్నాడు.

"ఒడ్డు మీది గాలి సూసి పోయినవ్ మేడం. గాడ గుట్ట అడ్డమున్నది. నడుమల గాలికి సందు ఉంటది, ఆ సందుల గాలి ఉండదు."

ఎలా తెలుస్తుందని అడిగాను.

"నీళ్ల రంగు సూడు. నల్లగుంటే ఉన్నట్టు, మెరిస్తే లేనట్టు."

అంటే ఈదురుగాలి చూసి కాదు, సందు చూసి వింగ్ ఎంచుకోవాలా? సందులో నిలబెట్టేది పెద్దది. ఈదురులో బతకనిచ్చేది చిన్నది. రెండూ ఒకే గుడ్డలో కావాలంటే... నాలుగు.

మే 10

ఫాయిల్‌కి పెద్ద రెక్క వేసి చూశాను. మూడుతోనే తొందరగా లేచింది! కాని ఎద్దులా నడుస్తోంది, తిరగమంటే తిరగదు. ఒకటి పెంచితే ఇంకొకటి పోతోంది. రాసుకోవాలి ఇవన్నీ.

మే 11

నాలుగు మీటర్లది దేశం బయట నుంచి రావాలి. వానాకాలం గాలి అయిపోయాక వస్తుంది. మూడుదాన్ని నేల మీద పరిచి కూర్చున్నాను. గుడ్డా, కుట్టూ, తాళ్లే కదా ఇది.

కుట్టగల మనిషి ఒక్కరే తెలుసు నాకు.

మాట్లాడి నాలుగేళ్లు.

మే 13

మిర్యాలగూడ. మా సరోజక్క షెడ్డు అలాగే ఉంది — రైస్ మిల్లుల టార్పాలిన్ పట్టాలు కొండలా, మధ్యలో పెద్ద మిషను, దాని వెనక అక్క. తలెత్తి చూసి మళ్లీ కుట్టులోకి వెళ్లిపోయింది.

"మంచినీళ్లు కుండల ఉన్నయ్."

అమ్మ దవాఖానలో ఉన్నప్పుడు పదకొండు రోజులు అక్క ఒక్కతే ఉంది. నేను ఇంటర్ పేపర్లు దిద్దుతున్నాను. రేపు వస్తా, రేపు వస్తా అన్నాను. పన్నెండో రోజు వెళ్లేసరికి... "నువ్వు పేపర్లు దిద్దుకోపో" అంది అప్పుడు. తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడటమే.

గుడ్డ విప్పి బల్ల మీద పరిచాను. అక్క మిషను ఆపింది. వేళ్లతో అంచు తడిమింది, తిరగేసింది, వెలుతురుకు పట్టింది.

"గీ కుట్టు ఎవరేసిండ్రు? రెండు సూదులతోటి ఏసినట్టున్నది. గీ మూలకు ముక్క ఎందుకు?"

"అక్కడ తాడు లాగుతుంది."

"ఎంత లాగుతది?"

నాలుగేళ్ల తర్వాత అక్క నన్ను అడిగిన మొదటి ప్రశ్నలు ఇవి. నాకు సరిగ్గా తెలియదన్నాను.

"తెల్వకుంటనే నీళ్ల మీదికి పోతున్నవా?"

మే 16

అక్క మూడు మీటర్లదాని కొలతలన్నీ తీసి, ప్రతిదానికీ మూడో వంతు కలిపేసింది. కాదక్కా అన్నాను. ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషికి కాదు అనడం!

"మూడుకు మూడో వంతు కలిపితే నాలుగు గాదా?"

పొడుగూ వెడల్పూ రెండూ పెరుగుతాయి కదా, ఐదు దాటిపోతుంది అన్నాను. వందకు పదిహేనున్నర చొప్పున పెంచితే చాలు. నమ్మలేదు. పేపరు చింపి గళ్లు గీసి లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది.

"పట్టాకు పొడుగొక్కటే పెంచుత నేను. గందుకే తెల్వలే." పేపరు మడిచి, "గిట్ల చెప్తవా పిల్లలకు? మంచిగనే చెప్తవ్."

తాళ్లు కూడా అదే లెక్కన పెరగాలి. మొత్తం ఇరవై నాలుగు తాళ్లు. అక్క ఒక్కోదానికి రంగు దారం ముడి వేసింది.

మే 19

కోదాడ. లారీ పట్టాల దుకాణంలో నీళ్లకు కుళ్లని దారం. "దేనికండీ ఇది? ఏం కుడతారేంటి?" అన్నాడాయన. గాలికి, అన్నాను. విచిత్రంగా చూశాడు.

మే 24

అయిపోయింది! షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఎగరేశాం. ఒక చెంప ముడుచుకుంటోంది. అక్క కళ్లు చిన్నవి చేసి చూసి, "ఎడమ దిక్కు మూడో తాడు వేలెడు పొట్టిగున్నది" అంది. సరిచేశాం. నిండుగా నిలబడింది. అక్క కర్ర అందుకుంది. గుడ్డ లాగితే రెండడుగులు ముందుకు వెళ్లి, "ఓయమ్మ!" — చిన్నపిల్లలా అరిచింది.

"ఎప్పుడు పోతున్నవ్ సాగర్‌కు? నేనూ వస్తా, సూస్తా."

జూన్ 1, ఆదివారం

ఎడమ కాలికి ఏడు కుట్లు. వివరంగా రాయాలి, లేకపోతే రేపు ఇంకోలా రాసుకుంటాను.

పొద్దున్నే మిర్యాలగూడలో అక్కను ఎక్కించుకున్నాను. టిఫిను గిన్నె, ఫ్లాస్కు, ఇస్త్రీ చీర. నిడమనూరు దాటేదాకా తాళ్ల గురించే మాట్లాడింది.

ఒడ్డు మీద ముప్పై ఆరు. ఈదురు వస్తే నలభై ఐదు. మూడు మీటర్ల గాలి అది. సంచిలో మూడు ఉంది. సైదులన్న కూడా అన్నాడు — "మేడం, ఇయ్యాల చిన్నది." విన్నాను. అక్క గొడుగు వేసుకుని రాయి మీద కూర్చుని చూస్తోంది.

నాలుగు తీశాను.

మొదటి పది నిమిషాలు ఎలా చెప్పను... గుట్ట నీడలో గాలి సందులోకి వెళ్లాను, బోర్డు కూర్చోలేదు. అక్క గుడ్డ నన్ను మోసుకుంటూ దాటించింది. ఒడ్డు వైపు చేయి ఊపాను. అక్క గొడుగు ఊపింది.

తర్వాత అవతలి ఒడ్డు కనబడలేదు. దుమ్ము. దాని ముందు నీళ్లు నల్లగా పరుగెత్తుకొస్తున్నాయి. కర్ర వదిలేస్తే చాలు, గుడ్డ మెత్తబడుతుంది. నేర్పిన మొదటి పాఠం. వదల్లేదు. అక్క చూస్తోంది కదా, ఆమె గుడ్డ నీళ్లలో పడటం చూపించనా అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

చప్పుడు. మధ్య తాళ్ల దగ్గర ముక్క ఊడింది. పడ్డాను. ఫాయిల్ రెక్క పిక్కను కోసింది. తాళ్లు చుట్టుకున్నాయి. లైఫ్ జాకెట్ ఉంది, బోర్డు ఉంది. కాని గాలి అడవి వైపు తోస్తోంది, అటు రాళ్లే.

ఎంతసేపో తెలియదు. గాలి తగ్గాక పుట్టి కనబడింది. సైదులన్న తెడ్డు. పక్కన ఇస్త్రీ చీరలో అక్క, టిఫిను గిన్నెతో నీళ్లు తోడిపోస్తూ. ఈత రాదు ఆమెకు.

నా జాకెట్ మెడపట్టి పట్టుకుంది. ఒడ్డు చేరేదాకా వదల్లేదు. దారిలో ఒక్క మాటే — "నా కుట్టు ఊడింది."

దవాఖానలో నర్సు కుడుతుంటే వంగి చూసింది. "ఇవి గట్టిగున్నయా?" అని అడిగింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

జూన్ 2

కాలేజీ తెరిచారు. కుంటుతూ వెళ్లాను. ఏమైందంటే జారిపడ్డానన్నాను.

జూన్ 5

చిరిగిన చోటు చూశాను. దారం తెగలేదు. కుట్టు పక్కన గుడ్డే చినిగింది. ఆ గాలికి ఏ గుడ్డయినా.

అక్క పక్కింటి వాళ్ల ద్వారా తెలిసింది — అక్క మూడు రోజులుగా మిషను మీద కూర్చోవడం లేదట. పట్టాలు వెనక్కి పంపిస్తోందట. "నా చెయ్యి ఖతమైంది" అంటోందట.

ఫోను చేయాలి. చేయలేదు.

జూన్ 6

చేయలేదు.

జూన్ 8, ఆదివారం

ఫోనులో చెప్పే మాట కాదని వెళ్లాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

చెప్పేశాను. కుట్టు తప్పు కాదక్కా, అది మూడు మీటర్ల గాలి, నువ్వు చూస్తున్నావని నాలుగు తీశాను. సైదులన్న వద్దన్నా తీశాను. వదలాల్సిన చోట వదల్లేదు.

అక్క మిషను మీది గుడ్డ అంచు సర్దింది. తర్వాత —

"అంటే గాలిని సూడలే. నన్ను సూసినవ్."

"అవును."

"సూడాల్సినప్పుడు సూడలే. ఇప్పుడు సూసినవ్."

అమ్మ సంగతే అది. క్షమించు అన్నాను, అప్పుడు అనాల్సింది. అక్క లేచి లోపలికి వెళ్లింది. చాయ్ పెట్టుకొచ్చింది, నా ముందు పెట్టి మళ్లీ వెళ్లిపోయింది. చిరిగిన వింగ్‌ను బల్ల మీద వదిలేసి వచ్చాను.

జూన్ 12

వాన. కుట్లు విప్పారు.

జూన్ 15, ఆదివారం

ముప్పై ఎనిమిది. మూడు తీసుకుని వెళ్లాను. రెండుసార్లు సందులో కూర్చుండిపోయాను, రెండుసార్లూ ఆగి ఎదురుచూశాను. సైదులన్న ఏమీ అనలేదు. అది మెప్పే అనుకుంటాను.

పట్టిక మొదలుపెట్టాను: ఇరవై రెండు నుంచి ముప్పై — ఐదు. ముప్పై ఐదు దాటితే — మూడు. మధ్యలో ఖాళీ. ఇది నా బరువుకే. ఇంకొకరికి పనికిరాదు.

జూన్ 19

మిర్యాలగూడ బస్సులో పార్సిలు. నాలుగు మీటర్లది. చిరిగిన చోట రెండు వరసల గుడ్డ, చుట్టూ పట్టాలకు వేసే కుట్టు. చీటీ లేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. కాని షెడ్డులో మళ్లీ మిషను చప్పుడు వినబడుతోందని అక్క పక్కింటామె చెప్పింది.

జూన్ 22, ఆదివారం

ముప్పై రెండు, ముప్పై మూడు. నాలుగు తీశాను. ఈసారి నీళ్ల రంగు చూసే తీశాను. గుట్ట నీడ దాటాను, వెనక్కొచ్చాను, మళ్లీ దాటాను. ఒడ్డు మీద ఎవరూ లేరు.

ఇంటికొచ్చాక అక్క ఫోను. ఎలా నడిచిందని అడగలేదు.

"నా అంత మనిషికి ఎంత గుడ్డ కావాలె?"

ఎవరికక్కా అన్నాను.

"డెబ్బై ఆరు కిలోలు. నవ్వకు."

నవ్వలేదు. నీకు ఈత రాదు కదా అన్నాను. "నేర్సుకుంట. లెక్క చెప్పు ముందు" అని పెట్టేసింది.

ఐదున్నర అని రాశాను. కొట్టేశాను. ఆరు? ముందు పెద్ద ఫాయిల్ రెక్క వేస్తే ఐదే సరిపోతుందేమో. ఏ గాలిలో వస్తుంది? ఎంత భయపడుతుంది? పడితే కర్ర వదులుతుందా...

వదలదు. ఆమె సంగతి నాకు తెలుసు.

ఐదు. పక్కన ప్రశ్నార్థకం.