పొట్టమీద చెయ్యేసిన డాక్టరమ్మ

రాయ్‌పూర్,
4 ఆగస్టు 2003

అక్క రమణమ్మకు తమ్ముడు జోగయ్య నమస్కరించి రాసేది.

నిన్నటి నుంచి బొడ్డు దగ్గర కాస్త నొప్పి. జ్వరం లేదు. మా పేట బీర్‌గావ్‌లోని డాక్టరు గ్యాసని బిళ్ళలిచ్చి పంపేశాడు. పక్కింటి నూకరాజు ఊరుకోక డాక్టరమ్మ నళిని గారి దగ్గరికి తీసుకొచ్చాడు. ఆవిడ పొట్టమీద చెయ్యేసి, "ఇది కుర్రాళ్ళకొచ్చేది. మీకూ వచ్చినట్టుంది. ఇంటికి పంపను" అంది. వెంటనే నన్ను భర్తీ చేసుకుంది. సంతకాలయ్యాయి, నూకరాజే సాక్షి. రేపు పొద్దున్నే అంతా అయిపోతుంది.

నీ తమ్ముడు,
జోగయ్య

తా.క. అప్పటిదాకా ఏమీ తినొద్దన్నారు.

పలాస,
9 ఆగస్టు

జోగయ్యకు, దీవించాలో తిట్టాలో తెలియక అక్క రాస్తున్నది.

"నన్ను భర్త చేసుకుంది" అని నీ చేత్తో నువ్వే రాశావు. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. నీ పెళ్ళాం మహేశ్వరి పోయి ఆరేళ్ళు కాలేదు, నీకు కుర్రాళ్ళ బుద్ధి పుట్టిందేట్రా? సాక్షిగా నూకరాజు పనికొచ్చాడు, తోడబుట్టినదాన్ని నేను పనికిరాలేదు. వీధంతా తెలిసిపోయింది. నేనే చెప్పాను.

ఉపవాసం సరిగ్గా ఉన్నావని తలుస్తూ,
రమణమ్మ

తా.క. ఆ పిల్లకు ఎండుచేపల వాసన పడుతుందా? పడితే ఓ మూట పంపుతాను.

రాయ్‌పూర్,
14 ఆగస్టు

అక్కా,

కుట్ల వల్ల వంగలేక పడుకునే దండం పెడుతున్నాను. అది భర్త కాదే, భర్తీ. ఆస్పత్రిలో చేర్చుకోవడాన్ని ఇక్కడి హిందీలో అలాగే అంటారు. నలభై ఏళ్ళు ఈ ఊరి రైల్వేలో చేసినవాడి తెలుగు ఇంతే.

నాకు అపెండిసైటిస్. పేగుకుండే చిన్న తోక వాచింది. మన వయసులో ఒక్కోసారి నొప్పి గట్టిగా రాదట, జ్వరమూ ఉండదట, రక్తపరీక్షలోనూ ఏమీ తెలియదట. అందుకే గ్యాసని పంపేస్తారు. నాకు స్కానింగులో దొరికింది. ఇంకో రోజు ఆగితే పగిలేదట. నేను చచ్చిపోతాననుకున్నానక్కా. నువ్వేమో నాకు పెళ్ళి చేశావు.

బతికున్న తమ్ముడు,
జోగయ్య

తా.క. నీ ఉత్తరం నళిని గారికి చదివి వినిపించాను. ఆవిడ భర్తా ఇక్కడే డాక్టరు. ఎండుచేపలు ఇద్దరికీ ఇష్టమేనట.

విశాఖపట్నం,
22 ఆగస్టు

ఒరే జోగీ,

అక్షరాలు వంకరగా ఉన్నాయని తిట్టకు, నేనూ పడుకునే రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిననాడు నాకు పొట్టలో కుడిపక్క సన్నగా పీకుతోంది. నీమీద కోపమనుకున్నాను. చదివాక వెంటనే విశాఖ బండెక్కాను. ఇక్కడి డాక్టరు, "మామ్మా, డెబ్బై రెండేళ్ళకు అపెండిసైటిస్ ఏటి? వేపుళ్ళు మానెయ్" అన్నాడు. నీ ఉత్తరం ఆయన బల్లమీద పెట్టి, "స్కానింగు రాసేదాకా లేవను" అన్నాను. రాశాడు. మర్నాడే కోశారు. నీ రాత చదవబట్టి బతికానురా.

నాలుగో నంబరు మంచం మీంచి,
నీ అక్క

తా.క. డాక్టరు నీ ఉత్తరం తిరిగివ్వడం లేదు, నా కేసు కాగితాల్లో పెట్టేసుకున్నాడు. నర్సులు చదివి నవ్వుతున్నారు. వాళ్ళను చూసి నేను నవ్వితే కుట్లు లాగుతున్నాయి. వారంపాటు నాకేమీ రాయకు.