అంచున కూర్చున్న పిట్ట

తమ్ముడూ,

చల్లగా ఉండు. "పాత నెగెటివులు స్కాన్ చేసేటప్పుడు మచ్చలు తుడిచే బొత్తాం నొక్కు అన్నయ్యా, పెన్సిలు గీతలు పోయి మొహాలు శుభ్రంగా వస్తాయి. మన స్టూడియో ఫోటోల ప్రదర్శనలో నీ పేరు గోడంత రాయిస్తున్నా" అని రాశావు. నొక్కను.

కోప్పడేలోపు ఒక ముచ్చట విను. మొదటిరోజు యాభై నెగెటివులు తిరగేసి పెట్టేశాను. పోస్టుమాస్టరు గారి పుట్టుమచ్చ ఎడమ చెంప నుంచి కుడి చెంపకి దూకింది. మీ వదిన తెర చూసి, "ఈయనెవరండీ, పోస్టుమాస్టరు గారి కవలా?" అంది. నెగెటివుకి నున్నటి వైపొకటి, మసక వైపొకటి ఉంటాయి. చీకటిగదిలో వేలితో తడిమి చెప్పగలిగినవాణ్ణి, పట్టపగలు బోల్తాపడ్డాను.

ఆ మసక వైపే పెన్సిలు పడుతుంది. ముడతలు, మశూచి గుంటలు, కళ్ళకింద నీడలు నెగెటివు మీద పూడ్చేస్తే ప్రింటులో మాయం. జనం మన స్టూడియోకి ఎగబడింది నా కెమెరాని చూసి కాదు, ఆ పెన్సిలుని చూసి. అది నా చేతిపనే అని నువ్వూ అనుకున్నావు. నేను అనుకోనిచ్చాను. నిజానికి నా చేతికి అక్షరమే తిన్నగా రాదు. అదంతా మీ వదిన చెయ్యి. వంటయ్యాక కిటికీ పక్కన కూర్చుని, ఊపిరి బిగబట్టి ఆవిడ దిద్దేది. "ఎవరండీ దిద్దింది?" అని అడిగిన ప్రతిసారీ మీసం దువ్వుకున్నది నేను.

ఆ చేతిని ఇప్పుడు ఒక్క బొత్తాంతో తుడిచెయ్యమంటావా? గీతలతో సహా గోడకెక్కాలి, పక్కన ఆవిడ పేరుండాలి. కాదంటావా, నెగెటివుల పెట్టె మీద ఎక్కి కూర్చుంటా. లేపు చూద్దాం.

నీ మొండి అన్నయ్య


తమ్ముడూ,

"సరే, గీతలుండనీ, వదిన పేరూ వేద్దాం. ఆ నల్ల అంచులైనా కత్తిరించు" అన్నావు. అదీ కుదరదు.

ప్రింటు తీసేటప్పుడు అంచు చట్రం కింద దాగిపోయేది. నేనెన్నడూ పట్టించుకోలేదు. స్కానరుకి దాపరికం తెలీదు. నీ మాట విని కత్తిరించబోతూ పెద్దది చేసి చూశానా, అడుగంచు మధ్యలో, నల్లటి దాని మీద తెల్లగా, గోరంత పిట్ట! ఎడమకి చూస్తోంది. తర్వాతి దాంట్లోనూ ఉంది. ఆ తర్వాతి దాంట్లోనూ. పెట్టెంతా వెతికాను, పిట్ట లేని నెగెటివు లేదు.

ఆవిడకి పేరిప్పిస్తానని నేను వీరుడిలా బయల్దేరాను. ఆవిడ ఏనాడో సంతకం పెట్టేసుకుంది.

నా సొంత ఫోటోలో మాత్రం పిట్ట కుడికి తిరిగి ఉంది. మళ్ళీ తిరగేసి పెట్టానేమోనని తీసి తడిమాను. సరిగ్గానే ఉంది. ఆవిణ్ణి పిలిచాను.

"నా దగ్గరికొచ్చేసరికి మొహం తిప్పుకుందేమే?"

"ఆ రోజు పొద్దున ఎవరితోనో 'అంతా నా చెయ్యే' అన్నారుగా. అది వింది."

"మరి ఇప్పుడో?"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తెరలోకి వంగి చూసింది. "గోడ మీద పేరు చూశాక ఆలోచిస్తుందిలెండి."

అందుకని ఆవిడ పేరు ముందు, నాది తర్వాత. అంచు కత్తిరించావో, గోడకి మేకులే మిగులుతాయి.

ఇట్లు
మీ వదిన మొగుడు