పడవ ముక్కు

ఓబులేసూ,

కుందూ వరదలో నువ్వు పోయి ఈ పొద్దుటికి ఏడాది. మన పడవకు మోటారు పెట్టినాం రా. రేవు కాంట్రాక్టరే మదరాసు నుంచి తెప్పించినాడు. పోయినేడు నువ్వడిగితే, తోసే గడ సాలదా అన్యోడే. నంద్యాల షెడ్డులో ఆయిలింజన్లు చూసేవాన్నని నన్నే బిగించమన్యాడు.

మొదట మోటారు మరీ పైకి బిగించినా. రెక్క నీళ్లలో సరిగ్గా మునగక మోటారు ఉత్తగా అరిచింది. బెత్తెడు కిందికి దించినాక పడవ ఉరికింది గానీ, ముక్కు పైకి లేచింది. ఆళ్లగడ్డ సంతకు పోయేటోళ్లు మేం ఎక్కం పో అన్యారు.

నువ్వు పోయినాక పడవ మొగమే చూడని నాయన ఒడ్డున కూర్చోని ఉండె.

"ముందర గడ పట్టుకోని నిలబడేటోడు లేడు కదరా. లేయక ఏం చేస్తాది?" అన్యాడు.

ఆయనే లేచొచ్చి నీ తావులో కూర్చున్యాడు. అయినా ముక్కు దిగలేదు. ఈ ఏడాదిలో నాయన అంత చిక్కిపోయినాడు. ఇసక మూటొకటి తెచ్చి ఆయన పక్కన పెట్టినాం. అప్పుడు పడవ సమంగా పోయింది.

అవతలి ఒడ్డు చేరేదాకా నాయన ఆ మూట మీద నుంచి చెయ్యి తీయలేదు.