మీ నాన్న వండిన టర్కీ

నాయనా గ్రేడీ,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. మీ నాయనమ్మకు మోకాళ్ళు తప్ప మిగతావన్నీ నాకంటే బాగా పనిచేస్తున్నాయి. ఈ ఉత్తరం అందేసరికి నీ ఓడ ఏ సముద్రంలో ఉంటుందో తెలియదు గాని, ఎక్కడున్నా వేళకు తింటున్నావనే అనుకుంటాను. అందరికీ వండిపెట్టేవాళ్ళు తాము తినడం మరిచిపోతారు. నాకు తెలియని విషయమా!

నీ ఉత్తరం పండగ వారంలో, సోమవారం నాడు చేరింది. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. గాలివానకు గరాజు కప్పు మీద రేకు లేచిపోయిన మాట నిజమే. మీ నాన్న మళ్ళీ బిగించాడు. నీ కుక్క డస్టీ బలిసింది, మెట్లెక్కడానికి బద్ధకిస్తోంది. నువ్వు పంపిన నేవీ చొక్కా మీ నాన్నకు పొట్ట దగ్గర బిగుతైంది. తను ఒప్పుకోడనుకో, ఉతుకులో కుంచించుకుపోయిందంటాడు. ఇంకా ఉతకనే లేదు. నా చెయ్యి ఎలా ఉందని అడిగావు, దాని సంగతి తరవాత రాస్తాను.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ఈసారి టర్కీ కోడి ఎవరు వండుతారని. ఇది చదివేటప్పుడు చేతిలో వేడి గిన్నె ఏదైనా ఉంటే కింద పెట్టు. మీ నాన్న వండాడు.

అక్టోబరులో నేను యాపిల్ బుట్టతో వసారా మెట్టు మీద జారి మణికట్టు బెణికించుకున్నాను కదా. ఆ వార్త తెలిసిన రోజే మీ వర్జిల్ పెదనాన్న వచ్చి, ఈసారి థాంక్స్‌గివింగ్ పండగ వాళ్ళింట్లోనే అని తీర్మానం చేసేశాడు. "పెరట్లో కాగు పెట్టి వేరుశెనగ నూనె కాగబెడతాను. టర్కీని ముంచుతాను, తీస్తాను. గంట పట్టదు. రోవీనా, నువ్వు కుర్చీలో కూర్చుని తింటే చాలు" అన్నాడు. మీ నాన్న బతుకుజీవుడా అనుకుని తల ఊపాడు.

నాకు మాత్రం మింగుడు పడలేదు. వాళ్ళ పెరట్లో ఆ కాగు చుట్టూ బీరు సీసాలు పట్టుకుని మగవాళ్ళందరూ నిలబడినప్పుడు ఏం మాట్లాడతారో నాకు తెలుసు. పోయినేడు జరిగింది నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తే నొప్పి ఉండదు కనుక రాస్తున్నాను. మీ పెదనాన్న నూనెలోకి తొంగిచూస్తూ, "మన హార్లన్ కొడుకు దేశానికి కాపలా కాస్తానని వెళ్ళి బంగాళాదుంపలకు కాపలా కాస్తున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. మీ నాన్న కూడా నవ్వాడు. నవ్వి, సీసా మీది కాగితమంతా గోటితో గీకేశాడు. బండ్లు బాగుచేసే మన గరాజు బోర్డు మీద తన పేరు కింద నీ పేరు కోసం వదిలిన చోటు ఇంకా ఖాళీగానే ఉందని నీకూ తెలుసు. ఆ ఖాళీని చూసినప్పుడల్లా నువ్వు వంట నేర్చుకోవడానికి వెళ్ళిపోయావని బాధపడటమే తప్ప, ఏం నేర్చుకున్నావో తను ఎన్నడూ అడగలేదు.

అందుకే సోమవారం రాత్రి భోజనాల దగ్గర, నువ్వు టర్కీ వండే పద్ధతి రాసి పంపిన ఆ ఉత్తరం తెరిచాను.

"హార్లన్, పండగ మనింట్లోనే చేద్దాం" అన్నాను.

"ఎవరు వండుతారు? ఆ కట్టుతో నువ్వు చెంచా కూడా పట్టుకోలేకపోతున్నావు."

"నువ్వు వండుతావు."

మీ నాన్నకు నవ్వొచ్చి సూప్ పొలమారింది. "నేనా? నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదే!"

"రాకపోతే ఏం? నీ కొడుకు రాశాడుగా. నేను చదువుతాను, నువ్వు చెయ్యి."

నువ్వు రాసింది రాసినట్టే చదివాను. ఉప్పూ మిరియాలూ ముందే రాసి ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచమన్నది విని ఊరుకున్నాడు. వెన్నెముక కోసి తీసెయ్యాలన్న మాట రాగానే రేగిపోయాడు. "వెన్నెముక లేకుండా అది టర్కీ ఎలా అవుతుంది? పండగ టర్కీ అంటే పళ్ళెంలో రొమ్ము విరుచుకుని కూర్చోవాలి! మా అమ్మ ముందు దాన్ని చాపలా పరిచి పెట్టమంటావా?"

"ఎందుకో కూడా రాశాడు, విను. రొమ్ము తొందరగా ఉడుకుతుందట, కాళ్ళు ఆలస్యంగా ఉడుకుతాయట. నిండు కోడిని పెడితే, కాళ్ళు ఉడికేదాకా ఆగితే రొమ్ము పీచవుతుంది. పరిచి పెడితే కాళ్ళకి వేడి బాగా తగిలి రెండూ ఒకేసారి దిగుతాయట."

మీ నాన్న చెంచా కింద పెట్టాడు. "ఆ ముక్క ఇంకోసారి చదువు."

చదివాను.

"అంటే ఒకే ఇంజను. అందులో రెండు భాగాలు వేరే వేరే వేడి మీద నడుస్తున్నాయి. రెండిటినీ ఒక దారికి తేవాలంటాడు." ఉత్తరం వైపు వేలు చూపించాడు. "వీడికి ఇది ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఎన్నో కోళ్ళు మాడ్చి తెలుసుకున్నానని రాశాడు."

"ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" ఏమిటో నీకు తెలుసు. మొరాయించిన బండి మొదటిసారి స్టార్టయినప్పుడు అనే "ఊఁ" అది.

మర్నాడు పొద్దున్నే ఉప్పు రాశాడు. ఆ తరవాత పాలకని ఒకసారి, నీళ్ళకని ఒకసారి ఫ్రిజ్ తెరిచి టర్కీ చర్మాన్ని వేలితో నొక్కి చూడటమే పని. "ఆరుతోంది రోవీనా, వాడు రాసినట్టే ఆరుతోంది" అని మురిసిపోయాడు. పండగ పొద్దున వెన్నెముక కొయ్యడానికి నా కత్తులేవీ తనకు నచ్చలేదు. గరాజులోంచి రేకులు కోసే కత్తెర తెచ్చాడు. కొత్తదేలే, పెట్టెలోంచి అప్పుడే తీసింది, మరిగే నీళ్ళలో ముంచాకనే వాడాం. కోడిని తిరగేసి రెండు అరచేతులూ ఆనించి ఒక్క అదుము అదిమితే రొమ్ము ఎముక టక్కుమంది. మీ నాన్న నావైపు తిరిగి చూసిన చూపు నువ్వు చూడాల్సింది! చర్మం కింద వెన్నా, సేజ్ అనే వాసన ఆకూ కూరేటప్పుడు మాత్రం ఆ మొరటు వేళ్ళు ఎక్కడ చింపేస్తాయో అని నేను ఊపిరి బిగబట్టాను. పసిబిడ్డకు చొక్కా తొడిగినట్టు తొడిగాడు. ఎక్కడా చిరగలేదు.

థర్మామీటరు గుచ్చి చూడమని రాశావు చూడు, ఆ మాటతో మీ నాన్న పూర్తిగా నీ మనిషైపోయాడు. "రంగు చూసి, వాసన చూసి చెప్పడమేంటి? కొలిచి చెప్పాలి. వీడు అసలైన పనివాడు!" అంటూ ఓవెన్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను ఇన్నేళ్ళూ రంగూ వాసనా చూసే వండానని గుర్తుచేస్తే వినపడనట్టు నటించాడు.

తాగడానికి ఏం పెట్టాలో నువ్వు రాసినవన్నీ పెట్టాం. యాపిల్ రసంలో దాల్చినచెక్కా లవంగాలూ నారింజ తొక్కా వేసి పొయ్యి మీద సన్నని సెగన ఉంచాను. పిల్లలకు ఉత్తదే, కావలసిన పెద్దవాళ్ళకు గ్లాసులో కాస్త బూర్బన్ విస్కీ కలిపాం. ఐసు వేసిన తియ్యటి టీ ఎలాగూ ఉంటుంది, అది లేకపోతే మనూళ్ళో దాన్ని విందు అనరు. ఇక నువ్వు టర్కీకి బాగా కుదురుతుందని రాసిన ఆ లేత ఎర్ర వైను మనూళ్ళో అమ్మరు కనుక, దాని కోసం మీ నాన్న పక్క కౌంటీ దాకా బండి తోలాడు. సీసా మీ నాయనమ్మ కంట పడకుండా దాన్ని జగ్గులో పోసి ఉంచాడు.

"అదేంట్రా హార్లన్, ఆ ఎర్రటిది?" అంది మీ నాయనమ్మ.

"ద్రాక్షరసం అమ్మా."

ఆవిడ ఒక గ్లాసు తాగింది. ఇంకో గ్లాసు పొయ్యమంది. అదీ తాగాక అంది, "నేను మందు ముట్టకూడని బాప్టిస్టునే గాని నాలిక లేనిదాన్ని కాదురా. చర్చిలో చెప్పావంటే మాత్రం ఊరుకోను."

మధ్యాహ్నానికి మీ పెదనాన్న వాళ్ళొచ్చారు. ఊరికే వచ్చాడా, తమ్ముడు వండింది తినలేమేమోనని తన కాగులో ఒక టర్కీ వేయించి, రేకు కాగితంలో చుట్టుకుని మరీ వచ్చాడు. మన బల్ల మీద పళ్ళెంలో వెడల్పుగా పరుచుకుని, బంగారు రంగులో మెరుస్తున్న మీ నాన్న టర్కీని చూసి టోపీ వెనక్కి నెట్టాడు.

"ఏంట్రా తమ్ముడూ, దీన్ని లారీ తొక్కిందా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. మీ నాన్న కత్తి తుడుచుకుంటూ, "తొక్కిన లారీ నా చేతే బాగుచేయించుకుంది, కూర్చో" అన్నాడు.

ముందు ప్రార్థన అయింది. తరవాత ఎప్పటిలాగే బల్ల చుట్టూ ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞులమో చెప్పుకుంటూ వచ్చాం. ఏటేటా మీ నాన్న "తిండికి" అని ఒక్క మాట చెప్పి ఫోర్కు అందుకుంటాడు కదా. ఈసారి తన వంతు రాగానే లేచి నిలబడ్డాడు.

"వర్జిల్ అన్నా, పోయినేడు నువ్వు బంగాళాదుంపల మాట అన్నప్పుడు నేనూ నవ్వాను. ఇవాళ నువ్వా మాటంటే నవ్వను. ఈ ఒక్క కోడి వండటానికి నాకు మూడ్రోజులు పట్టింది. పక్కన రోవీనా లేకపోతే అదీ అయ్యేది కాదు. నా కొడుకు ఓడ నిండా ఉన్న జనానికి రోజూ మూడు పూటలా వండుతున్నాడు. కాళ్ళ కింద నేల ఊగుతుంటే వండుతున్నాడు. నా గరాజు నేల ఒక్కనాడూ ఊగలేదు. వాడు నా కొడుకైనందుకు నేను కృతజ్ఞుణ్ణి. అంతే." అని కూర్చున్నాడు. చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి.

మీ పెదనాన్న చేతి రుమాలు మడతపెట్టి, విప్పి, "నేనేదో సరదాకి అన్నానురా" అన్నాడు.

"సరదా అయిపోయిందిలే. ఆ గ్రేవీ ఇటు జరుపు" అంది మీ నాయనమ్మ.

ఉన్నమాట చెప్పాలి కదా, మీ పెదనాన్న వేయించిన టర్కీ కూడా బాగుంది. చర్మం అప్పడంలా విరిగింది. కాని మీ నాన్నది కోస్తుంటే రొమ్ములోంచి రసం ఊరి పళ్ళెంలోకి దిగింది, గ్రేడీ. ఇన్నేళ్ళలో నా టర్కీకి ఒక్కసారీ అలా రాలేదు. రెండోసారి వడ్డించుకునేటప్పుడు అందరి చేతులూ ఎటు వెళ్ళాయో నేను కళ్ళారా చూశాను. మీ పెదనాన్న మూడోసారి కూడా ఇటే వచ్చాడు. చివరికి గొంతు తగ్గించి, "ఇదెలా చేశావో కాస్త రాసిస్తావేంట్రా?" అని అడిగాడు.

"నన్నడిగితే ఏం లాభం? నా కొడుకు చిరునామా ఇస్తాను, వాణ్ణి అడుగు" అన్నాడు మీ నాన్న. ఆ మాట ఎంత హాయిగా అన్నాడో ఉత్తరంలో రాయడం నా వల్ల కాదు.

ఇక నా చెయ్యి సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్పకుండా ఉండలేను. నా చెయ్యి పండక్కి వారం ముందే నయమైపోయింది. డాక్టరు గారు చూసి, కట్టు తీసెయ్యమ్మా, అన్ని పనులూ చేసుకోవచ్చు అన్నారు. నొప్పి తిరగబెడుతుందేమోనని ఆగి, ఆ సోమవారం మీ నాన్న గరాజుకు వెళ్ళాక తీసేశాను కూడా. కాని నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం మీ నాన్న గరాజు నుంచి వచ్చేలోపు స్నానాలగదిలోకి వెళ్ళి మళ్ళీ చుట్టుకున్నాను. నా చెయ్యి బాగుంటే నేనే వండేస్తాను. తను ఎప్పట్లాగే తిని లేస్తాడు. నువ్వు రాసిన మాటల విలువ తన చేతులకు తెలియాలంటే నేను నా చేతులు కట్టుకుని కూర్చోక తప్పదనిపించింది. నీలాంటి ఎదిగిన కొడుకు ఉన్నదాన్ని ఈ వయసులో దొంగ కట్టు కట్టుకుని తిరిగాను. సిగ్గుపడాలి. ఎంత ప్రయత్నించినా సిగ్గు రావడం లేదు.

అయితే అసలు సంగతి ఇది కాదు. విందు అయిపోయి అందరూ వెళ్ళాక, వెలుగుండగానే మీ నాన్న మోచేతుల దాకా సబ్బు నురగతో గిన్నెలు తోముతున్నాడు. నేను కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో సేదతీరుతున్నాను. వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"రోవీనా, ఆ కట్టు ఇప్పేసి వచ్చి గిన్నెలు తుడువు. పండగ అయిపోయిందిగా."

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"డాక్టరు గారి బండికి బ్రేకులు నేనే కదా మార్చేది. పోయిన వారమే చెప్పాడు, మీ ఆవిడ చెయ్యి బ్రహ్మాండంగా ఉందని."

"మరి తెలిసీ ఎందుకు వండావు?"

గిన్నె కడిగి పక్కన బోర్లించాడు. "నువ్వు ఆ కట్టు కట్టుకుని కూర్చోకపోతే, నేను వండుతానని నోరు తెరిచి అడగాల్సి వచ్చేది. నా వల్ల అయ్యేదా అది?"

నేను కట్టు విప్పి తువ్వాలు అందుకున్నాను. ఇద్దరం పక్కపక్కన నిలబడి గిన్నెలన్నీ పూర్తి చేశాం. మధ్యలో ఒకసారి, "ఆ ఓడలో వాడి ఓవెన్ ఎంతుంటుందో" అన్నాడు తనలో తను. నాకు తెలియదన్నాను. నువ్వే రాయి. వివరంగా రాయి, ఏ కంపెనీదో, మంట ఎటునుంచి వస్తుందో కూడా. నేను పైకే చదువుతాను.

ఒళ్ళు జాగ్రత్త. నీతోపాటు ఆ వంటగదిలో నిలబడి చెమటోడ్చే పిల్లలందరికీ మా ఇంటి నుంచి పండగ దీవెనలని చెప్పు.

ఇట్లు,
నిన్ను తలచుకుని తల ఎత్తుకు తిరిగే
మీ అమ్మ
రోవీనా

గ్రేడీ, మీ అమ్మ ఉత్తరం అంటించబోతుంటే ఆపి రాస్తున్నాను. నువ్వు చెప్పినట్టు వెన్నెముక ఉడకబెట్టిన నీళ్ళతోనే గ్రేవీ చేశాను. పిండి ఉండలు కట్టింది. మీ అమ్మ చూడకముందే జల్లెడతో వడకట్టేశాను. ఉండలు కట్టకుండా ఏం చెయ్యాలో రాయి. క్రిస్మస్‌కి మళ్ళీ నేనే వండుతున్నాను. ఈ ఉండల సంగతి మీ పెదనాన్నకి చెప్పకు.
— నాన్న