పెద్ద రింగు విప్పకండి

ఏమండీ,

భోజనం బల్ల మీద ఉంది. వెనక గదిలో కరెంటుతో మెరుపులు పుట్టించే నా టెస్లా కాయిల్ మీదున్న పెద్ద రింగు మాత్రం విప్పకండి. "వంటింటి పొగగొట్టం వంచి పెట్టావు, మూరెడు మెరుపు కాస్తా జానెడైంది, రేపే పీకేస్తా" అని నిన్న అత్తయ్య ముందు నవ్వారు కదా. తప్పు రింగుది కాదు, నాది. పైన రింగు పెద్దదైతే కింది చుట్టలో తీగ తగిలించే చోటు కూడా మార్చాలి. పొద్దున ఒకటిన్నర చుట్టు బయటికి జరిపాను. మెరుపు మూర దాటి మీ చొక్కా చెయ్యంత సాగింది. పిలిచాను, మీరు పేపర్లోంచి తల ఎత్తలేదు.

వ్యాను మాట్లాడటానికి వెళ్తున్నాను.

అత్తయ్యకీ పిల్లలకీ కూడా ఇది చదివి వినిపించండి: పొగగొట్టం కొత్తది కొనుక్కుందాం. శనివారం సైన్సు ప్రదర్శనకి ఈ రింగుతోనే, నా పేరు మీదే కాయిల్ తీసుకెళ్తున్నాను.