చిన్నోడు బొగ్గుబాయి దిగాడు

తమ్ముడు ఓదేలూ,

మన చిన్న తమ్ముడు శంకరయ్య ఈ రోజు మొదటిసారి బొగ్గుబాయి దిగాడు. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

బాయిలో కప్పు కూలి బాపు చనిపోయాక, కన్నకడుపు కదా, అవ్వ నిన్ను అందులో దిగనివ్వలేదు. "భూమ్మీద చేసే సర్కారు నౌకరి చూస్కో బిడ్డా" అంది. అందుకే అంత దూరం పోయి సర్కారు మందుగుండు ఫ్యాక్టరీలో కూలీగా చేరావు. ఫిరంగి గుండ్లలో మందు నింపే పని. మొదటి సెలవుకు వచ్చినప్పుడు నీ అరచేతులు పచ్చగా ఉంటే, అవ్వ కామెర్లనుకుని ఏడ్చింది.

"మందు రంగు అవ్వా, నాకేం కాలే" అని నవ్వావు. నా బిడ్డకు ముద్ద పెట్టబోయి, ఆ చేతులు చూసుకుని చెంచా అడిగావు.

తర్వాత యుద్ధమొచ్చింది. రాత్రీ పగలూ పని జరుగుతుండగా నీ షెడ్డు పేలింది. ఇంటికి నీ ట్రంకుపెట్టె ఒక్కటే వచ్చింది.

పొద్దున శంకరయ్య డ్యూటీకి బయల్దేరుతుంటే అవ్వ దగ్గరికి పోయాను.

"ఎట్ల పోనిస్తున్నవే అవ్వా? బాపును మర్చిపోయినవా?" అన్నాను.

అవ్వ సద్ది కడుతూ తల ఎత్తలేదు. "మీ బాపును పైకి తెచ్చిచ్చిండ్రు బిడ్డా. తానం పోసి సాగనంపిన. ఓదేలుకు ఏం చేసిన?"

షిఫ్టు దిగి శంకరయ్య నల్లటి మొహంతో వచ్చేదాకా అవ్వ వాకిట్లోనే కూర్చుంది. వాడు సిగ్గుపడుతున్నా వినకుండా తానే స్నానం చేయించింది. మసంతా పోయాక కూడా నీళ్లు పోస్తూనే ఉంది.

నీ అక్క